తూచి కొన్న గాలం కర్ర

అమలాపురంలో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు నడిపే మా బావ తాతబ్బాయికి, లోకంలో ఏ వస్తువు మంచిచెడ్డలైనా కాటాకి తగిలించి బరువు చూసి తేల్చెయ్యడమనే జబ్బు ఉండేది.

కొట్లో ఉన్నంతసేపూ అది జబ్బు కాదు, విద్య. ఇత్తడి బిందెకి బరువే ప్రాణం. బరువున్న బిందె సొట్టపడదు, మనవరాలి కాలానికి కూడా నిలుస్తుంది. ఆ విషయంలో మా బావ మాటకి జిల్లాలో తిరుగులేదు. చిక్కేమిటంటే, సాయంత్రం కొట్టు మూసేటప్పుడు ఆ విద్యని కూడా లోపల పెట్టి తాళం వేసేవాడు కాదు. చొక్కా జేబులో చిన్న స్ప్రింగు కాటా ఒకటి వేసుకుని బజారులోకి వచ్చేవాడు. గొడుగు కొంటే తూచేవాడు. కళ్ళజోడు కొనడానికి వెళ్ళి, "ఇంత తేలికేమిటి? గాజంతా మిగుల్చుకున్నాడురా!" అని షాపువాణ్ణి తిట్టి, ముక్కు మీద గాటుపడే జోడొకటి తెచ్చుకున్నాడు. నాకు పెళ్ళయ్యాక పొట్ట వస్తే చూసి, "ఇప్పుడురా, నువ్వు సరుకున్న మనిషివయ్యావు" అన్నాడు. నన్నొకరు మెచ్చుకోవడం పుట్టాక అదే మొదలు కనక నేనూ కాదనలేదు.

మా అక్క మంగాయమ్మ వంటకి వంక పెట్టలేం. కానీ ఆవిడ అట్టు మాత్రం ఏనాడూ ఒక్క ముక్కగా పెనం దిగేది కాదు. చిరిగి, చుట్టుకుపోయి, కంచంలోకి వచ్చేసరికి ఏ జంతువో తెలియనట్టు ఉండేది. "అక్కా, నీకు అట్టు తిప్పడం చేతకాదే" అని ఒకసారి నోరు జారాను. ఆ తరవాత చాలాకాలం ఆ ఇంట్లో నాకు ఉప్మాయే దక్కింది. ఈ అట్ల సంగతి కాస్త గుర్తుంచుకోండి. తరవాత పనికొస్తుంది.

ఆ యేడు వైశాఖంలో నా మేనకోడలి పెళ్ళి చేశారు. వియ్యంకుడు యానాం బులివెంకన్నగారు. పెద్దమనిషి. గోదావరి పాయల్లో రాడ్డుతో చేపలు పట్టడం ఆయన సరదా. పెళ్ళి హడావిడి తగ్గాక మమ్మల్ని భోజనానికి పిలిచి పండుగప్ప పులుసు పెట్టారు. చేపల విషయంలో నా అనుభవం కంచంలో ముల్లు తియ్యడం వరకే. ఆ అనుభవమంతా అక్కడ ధారపోశాను.

"ఎలా ఉందండి బావగారూ?" అని అడిగారు బులివెంకన్నగారు.

"బ్రహ్మాండం! ఎక్కడ కొన్నారు? ఎంత తూగింది?" అన్నాడు మా బావ.

"కొనడమేమిటండీ! పొద్దున్న పాయలో నేనే పట్టాను. ఇంట్లో ఎవరూ తూచలేదు, తరిగారంతే."

తూచలేదనేసరికి మా బావకి ముద్ద దిగలేదు. "పట్టడం ఏమంత బ్రహ్మవిద్యండీ? అనుకుంటే మేమూ పడతాం" అన్నాడు.

"పడతారు, ఎందుకు పట్టరూ! బజార్లో తోక పట్టుకుని కాటా మీద పెడతారు కదా, అదీ పట్టడమే!"

అందరూ నవ్వారు. వంటింటి గుమ్మంలోంచి వియ్యపురాలుగారు కూడా నవ్వారు. మా అక్క కొంగు అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. మా బావ చెవులు రాగి చెంబుల్లా ఎర్రబడ్డాయి.

మా వైపు ఒక ఆచారం ఉంది. పెళ్ళయ్యాక వచ్చే మొదటి ఆషాఢంలో ఆడపిల్లవారు మగపెళ్ళివారింటికి కావిడి పంపాలి. మిఠాయిలు, పళ్ళు, పచ్చళ్ళు ఎన్నున్నా, అందులో చేప లేకపోతే అది కావిడి కాదు. ఆ చేప పండుగప్ప అయితే మరీ మర్యాద.

"అయితే వినండి బావగారూ" అన్నాడు మా బావ, ఎంగిలి చెయ్యి పైకెత్తి. "ఈ ఆషాఢం కావిడిలో నా చేత్తో నేను పట్టిన పండుగప్ప ఉంటుంది. లేకపోతే ఈ ఏడు నేను పులస ముట్టను! నేనే కాదు, ఇదిగో, నా బావమరిది కూడా ముట్టడు!"

నేను అప్పుడే ఒక ముల్లు తీస్తున్నాను. అది గొంతులోకి పోయింది.

పులస అంటే ఏమిటో మా గోదావరివాళ్ళకి చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం చెబుతాను. వరద వచ్చాక సముద్రంలోంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ గోదాట్లోకి వచ్చే చేప అది. ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మావాళ్ళు పుట్టిన పిల్లలకి ఉగ్గుతోపాటు నేర్పుతారు. అలాంటి పులసని, నన్నొక్క మాటైనా అడక్కుండా, నా తరఫున కూడా వదిలేశాడు మా బావ.

"మాటేనా బావగారూ?" అన్నారు బులివెంకన్నగారు నవ్వుతూ.

"మాటే. నా కాటా ఎంత నిజమో, నా మాటా అంతే."

బస్సెక్కాక మా అక్క అంది: "ఊళ్ళో వస్తువులన్నీ తూస్తారు కదా, ముందు ఆ నోటికో కాటా పెట్టించుకోండి."

తిట్టింది గానీ, పరువు ఆవిడకి మాత్రం అక్కర్లేదా? గాలం కర్ర కొనుక్కోవడానికి మూడువేలు తీసి చేతిలో పెట్టింది. "ఇది దాటితే మీరూ, మీ కర్రా, మీ బావమరిదీ ముగ్గురూ కొట్లో బిందెల మధ్య పడుకోండి" అని కూడా చెప్పింది. మధ్యలో నేనేం చేశానని అడిగితే, "వెంట ఉన్నావుగా" అంది. నిజమే, నా జీవితమంతా అదే నేరం మీద శిక్షలు పడుతూ వచ్చాయి.

కాకినాడలో దానియేలు అనే ఆయనకి గాలాల షాపుంది. పైకప్పు దాకా రాడ్లు నిలబెట్టి ఉంటాయి. మనిషి మాటకారి, బేరంలో గట్టిపిండం. మా బావని చూడగానే సాటి వ్యాపారస్తుడని పసిగట్టాడు.

"ఏ చేపకండీ?"

"పండుగప్పకి. మంచి సరుకు చూపించు. మూడువేలు దాటకూడదు."

"మూడు వేలకి మంచిదే వస్తుందండి. మరీ గొప్పది రాదు, ఏడవాల్సిందీ కాదు" అని దానియేలు సన్నటి నల్లరాడ్డు ఒకటి తీశాడు. "ఇది తీసుకోండి. పండుగప్పని ఎరతో కూర్చుని పట్టలేరు. రబ్బరు చేపని విసరాలి, లాగాలి, మళ్ళీ విసరాలి. పొద్దుణ్ణించి మధ్యాహ్నం దాకా అదే పని. చెయ్యి నొప్పెట్టకూడదు. అదిగో, కొన చూడండి, వంగి ఎలా లేస్తోందో! కింద చూడండి, గట్టిగా ఉంది. విసిరేది కొన, చేపని ఆపేది మొదలు. రీలుతో కలిపి మీరు చెప్పిన ధరలో ఇచ్చేస్తాను."

మా బావ రాడ్డు అందుకున్నాడు. అరచేతిలో ఎగరేశాడు. మొహం ముడుచుకుపోయింది. జేబులోంచి స్ప్రింగు కాటా తీసి దానికి తగిలించాడు.

దానియేలు చేతులు గాలిలో ఆగిపోయాయి. "ఏం చేస్తున్నారండీ?"

"చూడు, చూడు! ముల్లు కదిలిందా అసలు? మా కొట్లో గరిటె దీనికన్నా బరువు! దీనికి మూడువేలా? కిలో ఎంత పడిందో తెలుసా నీకు? వెండి కొనుక్కోవచ్చు!"

"గాలం కర్రని కిలోల్లెక్కన ఎవరు కొంటారండీ! తేలిగ్గా, గట్టిగా చెయ్యడానికే కదా ఖరీదు!"

"తక్కువ సరుకేసి ఎక్కువ తీసుకోవడానికి ఇంత చక్కటి పేరు పెట్టుకున్నారన్నమాట" అన్నాడు మా బావ, నా వంక చూసి కన్నుగీటుతూ.

దానియేలు నన్ను చూశాడు, ఈయనకి మీరైనా చెప్పండి అన్నట్టు. నేను అప్పటికి గోడనున్న ఎర్రరాడ్డు ఒకటి చూసి మనసు పారేసుకుని ఉన్నాను. దానికి బంగారు రంగు గీతలు కూడా ఉన్నాయి. నా తెలివి అంతవరకే కనక నోరు మూసుకున్నాను.

ఇంతలో మా బావ చూపు మూలనున్న ఒక కర్ర మీద పడింది. తెల్లగా, బొటనవేలంత లావుగా, రోకలికి తమ్ముడిలా ఉంది. ఎత్తితే భుజం కిందకి లాగింది. మా బావ మొహం వెలిగిపోయింది.

"ఇదీ సరుకంటే! ఇదెంత?"

"అది మీకు కాదండి! సముద్రంలో పడవ మీంచి సొరచేపల్ని లాగేది. దాంతో విసరడం కుదరదు. సొరచేప గాలానికి పడితే పడవ పక్కనించి నిలువునా లాగడానికి అది."

"సొరచేపకి ఆగినది పండుగప్పకి ఆగదా?"

దానియేలు నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్క పరీక్ష చేద్దాం. కళ్ళు మూసుకుని పట్టుకోండి" అని నల్లరాడ్డు మా బావ చేతికిచ్చి, కొన మీద గోటితో తట్టాడు. "తెలిసిందా?"

"తెలిసింది, చెయ్యి జివ్వుమంది."

తెల్లకర్ర ఇచ్చి మళ్ళీ తట్టాడు. "ఇప్పుడు?"

"తట్టావా?"

"తట్టానండి! చేప నోరు పెట్టినా మీకు తెలిసేది అంతే!"

మా బావ కళ్ళు తెరిచాడు. "పిచ్చివాడా, తట్టితే కదలకపోవడమే గట్టిదనం! మా కొట్లో బిందెని తట్టి చూస్తారు. ఠంగుమంటే పల్చన, ధప్పుమంటే దళసరి. నాకు చెబుతున్నావా!"

దానియేలుకి ఓపిక అయిపోయింది. అదే మూడువేలకి ఆ కర్రని కాగితంలో చుడుతూ, "అమ్మిన సరుకు తిరిగి తీసుకోను. అది ఇప్పుడే, ఈయన సాక్షిగా చెబుతున్నాను" అన్నాడు. ఈయన అంటే నేను. పులసకి హామీ, కర్రకి సాక్షి.

దారంతా ఆ కర్రని నేనే మోశాను. మా బావకి సరుకు బరువు చూడటం ఇష్టం, మొయ్యడం కాదు.

ఆషాఢంలో కావిడి పంపే రోజు దగ్గరపడింది. ముందు రోజు పొద్దున్నే మమ్మల్ని పాయ దగ్గరికి రమ్మన్నారు బులివెంకన్నగారు. సముద్రపు పోటు మొదలయ్యే వేళకి పండుగప్పలు మడచెట్ల వేళ్ళ దగ్గరికి చిన్నచేపల కోసం వస్తాయట. ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని, పడ్డ చేపని తోడుకునే చిక్కం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. మా బావ భుజం మీది కర్రని చూసి కుర్చీలోంచి లేచారు.

"బావగారూ, పందిరి వెయ్యడానికి గానీ వచ్చారా?"

"నవ్వండి, నవ్వండి" అన్నాడు మా బావ. దారానికి రబ్బరు చేపని కట్టాడు. కర్ర వెనక్కి తీసి, ఊపిరి బిగబట్టి విసిరాడు.

విసరడమైతే విసిరాడు. రబ్బరు చేప వెళ్ళలేదు. కర్ర వంగితే కదా దాన్ని ముందుకి తన్నడానికి! అది ఎగిరి ఆయన కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి ఇంకా గట్టిగా విసిరితే వెనక్కి వచ్చి నా చొక్కా కాలరుకి తగులుకుంది. ఆ రోజు పొద్దున్న మా బావ పట్టిన మొదటి ప్రాణిని నేనే.

"ఎర తేలిగ్గా ఉంది. అదీ చిక్కు" అని తీర్మానించాడు మా బావ.

"ఎర కాదు బావా, కర్ర..." అన్నాను కాలరు విడిపించుకుంటూ.

"నీకేం తెలుసురా? దీనికి బరువు కావాలి" అని సంచీలో చెయ్యి పెట్టి, కొట్లోంచి తెచ్చుకున్న అరకిలో ఇత్తడి తూనిక రాయి బయటికి తీశాడు. ఆయన సంచీలో అది ఎందుకుందని అడగకండి. కొందరు జేబులో దేవుడి పటం పెట్టుకుంటారు. దారానికి ఆ రాయి కట్టి విసిరాడు.

ఈసారి వెళ్ళింది. వెళ్ళి పాయ మధ్యలో కొబ్బరికాయ పడ్డట్టు ధభేలుమని పడింది. మడచెట్ల మీది కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆ నీళ్ళలో ఎన్ని చేపలున్నాయో, అవన్నీ సముద్రం దారి పట్టి ఉంటాయి.

"బావగారూ" అన్నారు బులివెంకన్నగారు చాలా నెమ్మదిగా, "చేపని పట్టాలండి. నెత్తి పగలగొట్టకూడదు."

రాయి విప్పించారు. ఆయన జాలిపడి, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన ఒక పాత పడవ చెక్క మీదికి తీసుకెళ్ళారు. అక్కడ మడచెట్ల వేళ్ళు మూరెడు దూరంలో ఉన్నాయి. దూరం విసరక్కర్లేదు, వదిలితే చాలు. మా బావ వదిలి లాగాడు, మళ్ళీ వదిలి మళ్ళీ లాగాడు. ఎండెక్కింది. భుజం దిగిపోయింది. కర్రని కుడిచేతిలోంచి ఎడమచేతికి, ఎడమచేతిలోంచి పొట్ట మీదికి మార్చాడు. చెమటకి కళ్ళజోడు జారి ముక్కు చివరికి వచ్చింది. అది కూడా బరువైనదే కదా.

నేను నీళ్ళకేసి చూస్తున్నాను. దారం పక్కకి జరగడం కనిపించింది.

"బావా, దారం కదులుతోంది!"

"ఊరుకోరా, చేతికేం తెలియడం లేదు."

"చేతికి తెలియదు బావా, కంటికి తెలుస్తోంది! లాగు!"

లాగేసరికి ఖాళీ గాలం వచ్చింది. రబ్బరు చేప తోక లేదు. ఎవరో తీరిగ్గా కొరుక్కుని, రుచి నచ్చక వెళ్ళిపోయారు. బులివెంకన్నగారు ఆకాశంకేసి చూశారు.

మా బావ ఈసారి కళ్ళు దారానికే అతికించాడు. పోటు నిండుతోంది. ఇంకాస్సేపట్లో చేపలు తినడం మానేస్తాయని బులివెంకన్నగారు చెప్పారు. ఆ మాట నోట్లో ఉండగానే దారం బిగుసుకుంది. నీళ్ళు పగిలి, వెండి బిందె లాంటి పండుగప్ప ఒకటి గాలిలోకి లేచింది. అంత చేపని నేను కంచంలో కూడా చూడలేదు.

"పడింది! పడింది!" అని అరిచాను.

"లాగకండి బావగారూ! దాన్ని పరిగెత్తనివ్వండి! కర్రని వంగనివ్వండి!" అని అరిచారు బులివెంకన్నగారు చిక్కం పట్టుకుని దిగుతూ.

కర్ర వంగితే కదా! చేప ఒక్క గుంజు గుంజింది. మా బావ ఎదురు గుంజాడు. మధ్యలో కర్ర అణువంత కూడా ఒంగలేదు, నిటారుగా నిలబడింది. టప్పుమని దారం తెగింది. మా బావ వెనక్కి వచ్చి నా మీద పడ్డాడు. ఇద్దరం బురదలో కూర్చున్నాం. నీళ్ళమీద గుండ్రంగా అలలు విచ్చుకుని, అవీ పోయాయి.

మా బావ కర్రని పైకెత్తి చూసుకున్నాడు.

"కర్రకి మాత్రం ఏం కాలేదు. చూశారా!" అన్నాడు.

బులివెంకన్నగారు చిక్కానికి పట్టిన నాచు దులుపుకోవడం మొదలుపెట్టారు. వియ్యంకుడు కాకపోతే ఏమనేవారో నేను ఊహించగలను.

తిరుగుదారిలో చేపల బజారు వచ్చింది. బల్ల మీద పండుగప్ప ఒకటి పడుకుని ఉంది. ఇంచుమించు మనదంతే. నేను మెల్లగా అన్నాను: "బావా, అదే ఇది అనుకుంటే ఏం పోయింది? సాయంత్రం మళ్ళీ వెళ్ళి పట్టామని చెప్పి, నోట్లో ఒక గాలం గుచ్చి కావిడిలో పెడదాం. బులివెంకన్నగారు చేపని సాక్ష్యం అడుగుతారా?"

ఆ సలహాలో నా పులస ఉందని మీరు గమనించే ఉంటారు.

మా బావ ఆగిపోయాడు. "ఒరేయ్, ముప్ఫై ఏళ్ళుగా నా కాటా కింద అయస్కాంతం పెట్టలేదు. నా ముల్లు ఎవరివైపూ వాలలేదు. ఈ రోజు ఒక చేప కోసం వాలమంటావా?" అన్నాడు. ఆ మనిషితో విసిగిపోయి ఉన్న నాకు ఆ మాటతో ఇంకా విసుగొచ్చింది. మొండివాడు మంచివాడు కూడా అయితే ఏం చేస్తాం? చేపని కొన్నాడు. కావిడి మీద పెట్టేటప్పుడు "కొన్నది" అని చెప్పి మరీ పంపాలని నిశ్చయించాడు.

మర్నాడు పొద్దున్న మా అక్క కావిడి బుట్టలు సర్దుతోంది. పొయ్యి మీద పెనం, పెనం మీద అట్టు. "ఏవండీ, ఆ అట్టు కాస్త తిప్పండి, నా చేతులు ఖాళీగా లేవు" అంది.

మా బావ చెయ్యి ముందురోజు కర్ర మోసి వాచి ఉంది. అట్లకాడ ఎత్తాడు. "అమ్మా!" అని వదిలేశాడు. మళ్ళీ తీసి, అట్టు కిందకి దూర్చబోయాడు. దళసరి అంచు అట్టు కిందకి పోకుండా మధ్యలోకి పోయింది. అట్టు రెండుగా చిరిగి, చుట్టుకుని కూర్చుంది.

"ఇదేమిటే, ఇంత బరువుంది? ఎవడు అంటగట్టాడు నీకు?"

మా అక్క బుట్ట కింద పెట్టింది. "మీరే. పెళ్ళయిన కొత్తలో తెచ్చారు. కొట్లో అన్నిట్లోకీ బరువైంది, మన ఇంటికే ఉండాలని తెచ్చారు. అప్పట్నించీ ఈ ఇంట్లో ఒక్క అట్టు సరిగ్గా దిగలేదు. కట్టుకున్నవాడు మురిసిపోతూ తెచ్చాడని నోరు మూసుకుంటే, తోడబుట్టినవాడు నాకే చేతకాదన్నాడు."

నేను గోడకేసి చూశాను. గోడ చాలా బాగుంది.

"మరి కొట్లోకి వచ్చిన ఆడవాళ్ళకి ఏ అట్లకాడ చూపిస్తారు మీరు?" అని అడిగింది మా అక్క.

"పల్చటిదే చూపిస్తాను. అంచు వంచి చూపిస్తాను. 'చూడండమ్మా, ఇలా వంగి అలా లేవాలి. అప్పుడే అట్టు కిందకి దూరుతుంది. చేతికి తేలిగ్గా...'" అని మా బావ అలవాటు కొద్దీ చెప్పుకుపోతూ, ఠక్కున ఆగాడు.

మూలనున్న తెల్లకర్ర వైపు చూశాడు. చేతిలో అట్లకాడ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పెనం మీద అట్టు మాడింది.

"దానియేలు కూడా ఇవే మాటలు చెప్పాడే" అన్నాడు చివరికి.

"ఎవరు చెప్పినా ఏం లాభం? మీరు వినేది ఆ జేబులో ముల్లు మాటే కదా!" అని మా అక్క మాడిన అట్టు నా కంచంలో వేసింది.

కావిడి వెళ్ళింది. చేప కొన్నదని కూడా చెప్పి పంపాం. శ్రావణంలో గోదారి ఎర్రబడింది, పులసలు వచ్చాయి. బులివెంకన్నగారు అందరినీ పిలిచారు. ముందు రోజే మట్టిదాకలో పులుసు పెట్టి, వెన్న వేసి, బెండకాయలు వేసి, కట్టెల సెగ మీద మగ్గబెట్టారు. మూత తీస్తే ఆ వాసన వీధి చివరి దాకా వెళ్ళి మనుషుల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేలా ఉంది. మా ఇద్దరి విస్తళ్ళలో పప్పుచారు పోశారు.

"పోనిద్దురూ బావగారూ, ఏదో సరదాకి అనుకున్న మాట!" అన్నారు బులివెంకన్నగారు నిజంగానే బాధపడుతూ.

అప్పటికే నా చెయ్యి దాక వైపు ప్రయాణంలో ఉంది.

"చెయ్యి తియ్యరా" అన్నాడు మా బావ. "మాటంటే మాటే. కాటా అబద్ధమైతే మార్చుకోవచ్చు, మాట అబద్ధమైతే కొత్తది దొరకదు." పప్పుచారు కలుపుకుని తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పచ్చిమిరపకాయ అని చెప్పాడు. పప్పుచారులో పచ్చిమిరపకాయ లేదు.

పులసల కాలం వెళ్ళిపోయింది. తెల్లకర్ర చివర మా అక్క ఒక కొడవలి ముక్క కట్టించి, మునక్కాయలు కోసే దోటీ చేసింది. ఆ పనికి అది దివ్యంగా ఉంది. మా బావ చెప్పింది నిజమే, చాలా గట్టి సరుకు.

దసరా వెళ్ళాక కొట్లో నాలుగు గిరాకీలు తగిలాయి. మా అక్క మళ్ళీ మూడువేలు తీసింది. ఈసారి తనూ కాకినాడ వచ్చింది. దానియేలు మమ్మల్ని చూసి, "అమ్మిన సరుకు..." అని మొదలుపెట్టాడు.

"తిరిగిచ్చేందుకు రాలేదయ్యా. అది మునక్కాయలు కోస్తోంది" అన్నాడు మా బావ. "ఆ నల్లది చూపించు."

దానియేలు తీశాడు. తీసి, దానికన్నా ఖరీదైనది ఇంకొకటి కూడా పక్కన పెట్టాడు. వ్యాపారం వ్యాపారమే. మా బావ రెంటినీ కొన దగ్గర పట్టి మెల్లగా వంచాడు. అట్లకాడని వంచినట్టే. వంగి లేచాయి. కళ్ళు మూసుకుని, "తట్టు" అన్నాడు. రెండూ చేతికి తెలిశాయి. మా అక్క సంచీలోంచి దూది ఉండ తీసి, దారం వెళ్ళే రింగుల లోపల ఒక్కొక్కదాన్నీ తుడిచింది. స్టీలు గిన్నె అంచు నున్నగా ఉందో లేదో మా బావ గిరాకీలకి అలాగే చూపిస్తాడు. ఒక్క రింగులోనూ దూది చిక్కుకోలేదు. చిక్కుకుంటే దారం కూడా తెగేదే.

"ఖరీదైనది తీసుకోండి, ఇంకా తేలిక!" అన్నాడు దానియేలు.

"వద్దు. మా వియ్యంకుడంత చెయ్యి తిరిగాక చూద్దాం. నా చేతికి ఇది చాలు, నా జేబుకీ ఇదే చాలు" అన్నాడు మా బావ. నేను ఎర్రరాడ్డు సంగతి ఎత్తబోయాను. మా అక్క నా వైపు తిరిగింది. మానుకున్నాను.

మళ్ళీ అదే పాయ, అవే మడచెట్లు. బులివెంకన్నగారు చిక్కం పట్టుకుని నిలబడ్డారు. రబ్బరు చేప గాలిలో తేలుతూ వెళ్ళి, చెట్టువేళ్ళ పక్కన ఆకు రాలినట్టు పడింది. విసిరాడు, లాగాడు, విసిరాడు. మధ్యాహ్నం అవుతున్నా మా బావ చెయ్యి మార్చుకోలేదు. ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు.

"తట్టాడురా" అన్నాడు గుసగుసగా, ఎవరో తలుపు కొట్టినట్టు.

రాడ్డు విల్లులా వంగింది. చేప పరిగెత్తింది. పరిగెత్తనిచ్చాడు. గాలిలోకి ఎగిరి తల విదిలించింది. కొన వంచి ఆ విదిలింపంతా కర్రే తాగేసింది. అలిసిపోయి దగ్గరికి వచ్చేసరికి బులివెంకన్నగారు చిక్కంలోకి తీసుకుని, "శభాష్ బావగారూ!" అని అరిచారు. పులసల కాలం అయిపోయాక పడిన ఆ చేపని చూసి నాకు మాత్రం ఏడుపొచ్చింది. అదే మూడు నెలల ముందు పడి ఉంటే!

అమలాపురంలో బస్సు దిగాం. చేతిలో చేప, భుజాన రాడ్డు. బజారంతా మూగింది. మా బావ సంగతి తెలిసినవాళ్ళే అందరూ.

"తాతబ్బాయిగారూ, ఎంత తూగిందండీ?" అని అరిచారు పక్కకొట్టు ఆయన.

మా బావ చెయ్యి అలవాటుగా జేబు మీదికి వెళ్ళింది. అక్కణ్ణించి మెల్లగా కిందకి దిగిపోయింది.

"తూచలేదండి" అన్నాడు. "పులుసు పెట్టి చూస్తాం."

ఎంత మంచి కాటా అయినా బరువు మాత్రమే చెబుతుంది. ఒక వస్తువు మంచిదో కాదో చెప్పేది అది చెయ్యాల్సిన పని, కనక మన జేబులో ఉన్న కొలత పక్కన పెట్టి, ఏది కొన్నా ఆ పనిని అడిగాకే కొనాలి.